పెద్దమ్మ గనిలో పెరుగన్నం

"సార్, పెద్దమ్మ పోయింది. ఎల్లుండి పిట్టకు పెడ్తున్నం, మీరు తప్పకుంట రావాలె," అన్నాడు గని మేస్త్రీ ఫోన్‌లో. నేనేదో అనబోయేంతలో, "ఇంకో మాట సార్. కోత మిషన్ గూడ వచ్చింది. పడమటి గోడ ముంగట పెట్టిచ్చిండు చిన్నసేటు. కర్మలు అయినంక షురువంట," అని పెట్టేశాడు.

మొదటి కబురుకు రావలసిన కన్నీళ్లు నాకు రెండో కబురుకు వచ్చాయి. ఇలా ఉంటాయి నా పనులు. ఏడవడంలో కూడా వరస తప్పుతాను.

తాండూరు బయట పెద్దమ్మకూ ఆమె మరిదికీ కలిపి ఒక నాపరాళ్ల గని ఉంది. మరిదిని పనివాళ్లు చిన్నసేటు అంటారు. ఆమెను మాత్రం గనిలోవాళ్లూ, లారీలవాళ్లూ, బజారులో కిరాణా కొట్లవాళ్లూ అందరూ పెద్దమ్మ అనే అనేవారు. ఆ గని పడమటి గోడలో, మనిషి ఎత్తుకు రెట్టింపు పైన, అరుగులా ముందుకు వచ్చిన రాతి మీద ఒక గుడ్లగూబల జంట కాపురం ఉంటోంది. తల మీద కొమ్ముల్లా ఈకలు నిక్కి ఉండే పెద్ద జాతి. ఏటా చలికాలంలో ఆ ఉత్త రాతి మీదే గుడ్లు పెడతాయి. గనిలో మిగిలిన మంచి రాయంతా కూడా ఆ పడమటి గోడలోనే ఉంది. వచ్చిన చిక్కల్లా అదే. మేస్త్రీ ఫోన్ చేసేనాటికి అరుగు మీద రెండు పిల్లలు ఉన్నాయి. ఇంకా రెక్కలు రాలేదు.

గనుల వల్ల చుట్టుపక్కల జంతువులకూ పక్షులకూ ఏం నష్టం జరుగుతుందో చూసి, దాన్ని తగ్గించే దారులు రాసివ్వడం నా ఉద్యోగం. "చూసి" అన్న మాట నా విషయంలో కొంచెం పెద్దది. పెద్దమ్మ గనికి మొదటిసారి వెళ్లింది మే నెలలో. కారు దిగలేదు. అద్దంలోంచి ఒక ఉడుత కనిపించింది, రెండు గోరువంకలు కనిపించాయి, కారు నీడలో పడుకున్న కుక్క ఒకటి కనిపించింది. నివేదికకు ఇది మరీ పలచగా ఉంటుందనిపించి, అంతకుముందు ఎక్కడో నది ఒడ్డున చేసిన పనిలోంచి కొన్ని జంతువులను తెచ్చి ఇందులో కలిపాను. అలా కలిపినప్పుడు వాటితో పాటు నదిలో చేపలు పట్టుకు బతికే నీటికుక్క కూడా ఒకటి వచ్చేసింది. నేను గమనించలేదు.

పెద్దమ్మ గమనించింది. లెక్కలు రాసే మునీము చేత నివేదిక మొత్తం చదివించుకుని నాకు కబురు పెట్టింది.

నేను వెళ్లేసరికి ఆమె గని మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉంది. పక్కన రాళ్లలో పాతిన గడ్డపారకు నల్ల గొడుగు కట్టి ఉంది. సన్నటి మనిషి. నడుముకు తాళాల గుత్తి. మాట్లాడుతూ మాట్లాడుతూ వంగి, పక్కనున్న బండను తాళంచెవితో కొట్టి చెవి ఒగ్గి వినేది. రాయి మోగితే తలూపేది, మోగకపోతే దాన్ని తిట్టేది. మనుషులను కూడా అలాగే వినేది.

"సారూ, మా గనిల నీటికుక్క ఉందట గద."

"అంటే అమ్మా... ఉండొచ్చు అని..."

"ఉండొచ్చు కాదు, ఉన్నదని రాసినవ్. మునీము మూడుసార్లు చదివిండు. తాండూర్ల ఎవ్వల గనిల లేదు, మా గనిలనే ఉంది. బజార్ల అందరికీ చెప్పిన. ఏది, చూపియ్యి."

కోపమైతే తట్టుకునేవాణ్ని. ఆమె ముఖంలో ఉన్నది గర్వం.

"అవి మనుషులకు తొందరగా కనబడవమ్మా."

"అయితె నిమ్మళంగనే చూద్దాం. ముందుగల్ల తిను. తర్వాత చెప్పు."

ఇది ఆమె ఊతపదం. జగడం పెట్టుకుని వచ్చిన పనివాళ్లకు, తనిఖీకి వచ్చిన అధికారికి, గేటుకు లారీ గుద్ది వణుకుతూ వచ్చిన డ్రైవరుకు, అందరికీ ఇదే మాట. జొన్నరొట్టె, చిక్కటి కందిపప్పు, పల్లీల పొడి, గడ్డ పెరుగు. తినేలోపు చెప్పాలనుకున్నదాంట్లో సగం ఎగిరిపోయేది. మిగతా సగానికి నిద్ర వచ్చేది. ఆ గనిలో తగాదాలు తీరేవో లేదో తెలియదు గాని, కడుపులు మాత్రం నిండేవి.

ఆ రోజు నేను మూడు రొట్టెలు తిన్నాను. తర్వాత నీటికుక్కను వెతకడానికి బయలుదేరాం. ముందు నేను, వెనక గొడుగుతో పెద్దమ్మ, ఆమె వెనక మేస్త్రీ, ఆయన వెనక పని మానేసిన గని మొత్తం.

"దాన్ని ఏమని పిలుస్తరు సారూ?"

"పిలిస్తే రాదమ్మా."

"నువ్వు ఎన్నడన్న పిలిచినవా?"

పిలవలేదని ఒప్పుకున్నాను. ఆమె మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీది గొర్లు కాసిన ఇల్లు. ఆయన గొంతు సవరించుకుని, నాలుక మడతపెట్టి, "ట్రుర్... ట్రుర్... దా దా దా" అని గని దద్దరిల్లేలా పిలిచాడు. నీటికుక్క రాలేదు. అవతలి చేనులోంచి ఎవరివో మేకలు వచ్చాయి.

మేకల హడావుడిలో నేను మెల్లగా పక్కకు జారుకుని, పడమటి గోడకు ఆనించి పోసిన రాళ్ల కుప్ప ఎక్కాను. నిజానికి అటువైపు దారి ఉంటే దిగి రోడ్డు మీదికి పోదామని ఉద్దేశం. కుప్ప కొసకు చేరి తలెత్తాను. మూరెడు దూరంలో నారింజ రంగు కళ్లు రెండు నన్ను చూస్తున్నాయి. ఆ కళ్ల చుట్టూ ఉన్నది ఒక్కసారిగా ఉబ్బి, రెక్కలు విసనకర్రల్లా విప్పి, ముక్కుతో టకటకమని చప్పుడు చేసి, పాములా బుస కొట్టింది.

నేనూ, నా కింది రాళ్ల కుప్పా కలిసి కిందికి వచ్చాం. కింద బండలు కోసిన నీళ్లూ రాతిపొడీ కలిసిన బురదగుంట ఉంది. అందులోంచి లేచేసరికి నేను నాపరాయి రంగులో ఉన్నాను. సహాయానికి చెయ్యి చాచాను. ఎవరూ అందుకోలేదు. అందరూ పైకి చూస్తున్నారు.

పెద్దమ్మ గొడుగు కింద పెట్టేసింది. కొంగు తల మీదికి లాక్కుంది. కొత్తకోడలిలా తల దించుకుని, చిన్న గొంతుతో అంది:

"మా అత్త."

"అమ్మా, అది గుడ్లగూబ," అన్నాను బురద ఉమ్ముతూ.

"పేరు తియ్యకు! పగటిపూట ఆ పేరు తియ్యద్దు. మా అత్తనే. గట్లనే చూసేది. దినమంత కండ్లు సగం మూసుకోని కూసునేది, పండుకున్నదేమో అనుకుంటిమి. పప్పుల ఉప్పు ఎక్కువైతే కూసున్నకాడికెల్లే చెప్పేది."

"రుచి చూడకుండానే?"

"సప్పుడుతోనే పట్టేది."

నీటికుక్క సంగతి ఆ క్షణంలో అందరూ మరిచిపోయారు. నేను బతికిపోయాననుకున్నాను. చాలా రోజుల తర్వాత, పెరుగు వడ్డిస్తూ, మామూలుగా అంది: "గని ఎండి రాయయింది, నీటికుక్క ఏడికెల్లొస్తది సారూ? నాకెర్కనే." నేను ఆ మాటను పట్టించుకోలేదు. ఎందుకంటే "నాకెర్కనే" కూడా ఆమె ఊతపదమే. వాన వచ్చినా నాకెర్కనే, లారీ టైరు పగిలినా నాకెర్కనే, ఢిల్లీలో ఏదైనా జరిగినా నాకెర్కనే. అన్నీ తెలుసనేవాళ్ల మాట మనం సాధారణంగా లెక్కలోకి తీసుకోం.

బురద కడుక్కున్నాక నివేదిక మళ్లీ రాశాను. ఈసారి కారు దిగి రాశాను. చలికాలంలో గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా పడమటి గోడ దరిదాపుల్లో కోత ఉండకూడదు, రాళ్లు పారబోయకూడదు, మనుషులు తిరగకూడదు. చలికాలం రాగానే గోడ చుట్టూ ఎరుపు తెలుపు రిబ్బను కట్టించాను. పెద్ద బోర్డు పెట్టించాను. వారం తర్వాత వెళ్లి చూస్తే రిబ్బను ముక్కలు ముక్కలుగా పనివాళ్ల సైకిళ్ల మీద టిఫిన్ డబ్బాలను గట్టిగా పట్టుకుని ఉంది. బోర్డు వెనక్కి వాలి ఉంది. దాని కింద, మే నెలలో నా కారు నీడలో పడుకున్న కుక్క పిల్లల్ని పెట్టింది. ఆ విధంగా నా బోర్డు ఒక ప్రాణికి నిజంగానే ఉపయోగపడింది.

"గిట్ల కాదు సారూ," అంది పెద్దమ్మ. "పుర్టిల్లు ఎక్కడన్న తాడుతోటి కడ్తరా?"

మర్నాడు ఆమె బండెడు వేపమండలు తెప్పించింది. గోడకు ముందు వరసగా గడ్డపారలు పాతించి, వాటికి తోరణంలా వేపమండలు కట్టించింది. నేల మీద సున్నంతో గీత గీయించింది. ఒక మూల సాంబ్రాణి పొగ వేయించింది. తర్వాత కుర్చీ ఎక్కి నిలబడి అందరికీ ప్రకటించింది: "అత్తకు పురుడు. సప్పుడు చేస్తె ఊకోను. గీత దాటినోళ్లకు మైల."

అంతే. ఒక్కడు దాటలేదు. రిబ్బనును దాటి వెళ్లి బీడీ ముట్టించుకున్నవాళ్లే, వేపమండల ముందుకు వచ్చేసరికి చెప్పులు చేతిలో పట్టుకుని చుట్టూ తిరిగి పోయారు. కర్ణాటక వైపు నుంచి వచ్చిన పనివాళ్లయితే గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. గనిలో రాయి పడినా ఎవరో ఒకరు "ష్" అనేవారు, రాయిని.

ఒప్పుకోనివాడు చిన్నసేటు ఒక్కడే. ఆయన ఏటా ఆ నెలల్లో అయ్యప్ప మాల వేసుకుంటాడు. నల్లబట్టల్లో, గంధంబొట్టుతో, గీతకు ఇవతల నిలబడి పళ్లు కొరికాడు.

"వదినే, గిదేం పని? మాలల ఉన్న. మైల అంటవేంది?"

"మైలనే గద. మీ అమ్మ పురిట్ల ఉన్నది."

"మా అమ్మ పోయి ఎన్నేండ్లాయె! మా అమ్మను పట్టుకోని గుడ్లగూబ అంటవా?"

"నేనెప్పుడన్న? గుడ్లగూబను పట్టుకోని మీ అమ్మ అన్న. ఫరక్ లేదా?"

చిన్నసేటు ఆ ఫరక్ ఏమిటో ఆలోచిస్తూ కాసేపు నిలబడ్డాడు. మేస్త్రీ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"రాయంత ఆ గోడలనే ఉన్నది వదినే. వానలు వడ్తే గని నిండుతది. ఇప్పుడు కొయ్యకపోతె ఎప్పుడు కోస్తం?"

"కోద్దువు తీ. నీ తమ్ముండ్లు రెక్కలొచ్చి పోనీ, అప్పుడు కోద్దువు."

"నాకు తమ్ముండ్లెక్కడియి?"

ఆమె అరుగు వైపు చూపించింది. తెల్లటి నూగుతో రెండు తలలు రాతి అంచు మీద నుంచి చిన్నసేటును చూస్తున్నాయి. ఒకటి తల తలకిందులుగా తిప్పి చూస్తోంది.

"పెద్దోడు అచ్చం నీ లెక్కనే ఉన్నడు," అంది పెద్దమ్మ.

ఇలా ఏటా జరిగేది. మాలతో కొన్నాళ్లు గడిచేవి, పురుడు పేరుతో కొన్నాళ్లు, మంచిరోజు కాదని కొన్నాళ్లు. ఈలోపు పిల్లలు ఎగిరిపోయేవి, వానలు వచ్చేవి. పిల్లలు ఎగిరిపోయినప్పుడల్లా ఆమె నన్ను అడిగేది, "మా మరుదులు ఎటువోయిన్రు సారూ?" నాకు తెలియదు. అడవి వైపు పోయి ఉంటాయనేవాణ్ని. "అయితె అనంతగిరికే. పద్మనాభస్వామిని మొక్కనికె పోయుంటరు. నీది వికారాబాదే గద, కనబడితె వదినె అడిగిందని చెప్పు." నేను ఆదివారాలు అనంతగిరి ఎక్కినప్పుడు, చుట్టుపక్కల ఎవరూ లేకపోతే, చెట్ల వైపు చూసి ఆ మాట చెప్పేవాణ్ని. జీతం తీసుకునే నివేదికల్లో రాసినవాటికంటే ఇది నిజాయితీగా చేసిన పని.

ఇక పెరుగన్నం సంగతి.

పెద్దమ్మది కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. అత్త ఏం తింటుందని ఒకరోజు అడిగింది. నేను నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె వెంటనే, "పెరుగన్నమంటే పానం మా అత్తకు," అని తనే జవాబు చెప్పుకుంది. ఆనాటి నుంచి పొద్దుగూకే వేళకు, అరుగుకు సరిగ్గా కింద ఉన్న చదునుబండ మీద, స్టీలు పళ్లెంలో పెరుగన్నం పెట్టేది. పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, కాసేపు మాట్లాడేది. పాతికేళ్ల కోడరికంలో నోరెత్తి అనలేనివన్నీ ఇప్పుడు అనేది. "ఆనాడు నెయ్యి పారబోసింది నేను కాదు. నీ బిడ్డనే. ఇగ ఇన్నవా?" గుడ్లగూబ మెడ పూర్తిగా వెనక్కి తిప్పేసేది. "అగో, ఎప్పుడు గట్లనే. మొఖం తిప్పుకుంటది."

పొద్దున పళ్లెం అద్దంలా ఉండేది.

"చూసినవా సారూ, ఎట్ల నాకిందో?"

నాకు ఏం జరుగుతోందో మొదటి వారంలోనే తెలిసింది. రాళ్ల కుప్పల్లో ఎలుకలు కాపురాలు పెట్టాయి. చీకటి పడుతుండగా అవి పెరుగన్నానికి వస్తాయి. అత్త అరుగు దిగి ఎలుకలకు వస్తుంది. గోడ కింద గుడ్లగూబ కక్కిన ఉండలు దొరికేవి. వాటినిండా ఎలుక బొచ్చు, సన్నటి ఎముకలు. అన్నం మెతుకు ఒక్కటి లేదు. నేను ఆ ఉండలను జేబులో వేసుకుని, పక్కన కూర్చుని, ఆమె చేసిన పోలెలు, అదే బొబ్బట్లు, తిని, రైలెక్కి వికారాబాద్ వచ్చేసేవాణ్ని. చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. రాసిపెట్టినట్టు ఆమె సరిగ్గా ఆ క్షణానికే "ముందుగల్ల తిను" అనేది. నేను తినేవాణ్ని.

ఇంతకంటే పెద్ద తిండి ఒకటి తిన్నాను. వికారాబాద్‌లో ఒక ఆఫీసు సమావేశంలో ఆ వేపమండల ఫొటోలు తెర మీద చూపించి, దానికి "స్థానిక ఆచారాల ఆధారంగా రక్షణ వలయం" అని పేరు పెట్టి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఎవరి ఆలోచన అని అడిగితే "మా బృందానిది" అన్నాను. బృందం అంటే నేనూ, నా డ్రైవరూ.

తర్వాత తాండూరు వెళ్లినప్పుడు ఆమె అడిగింది, "మస్తు మంది వచ్చిన్రట గద. నా ముచ్చట చెప్పినవా?"

"చెప్పానమ్మా."

"ఏమన్నరు?"

"చాలా మెచ్చుకున్నారు."

ఆమె సిగ్గుపడి తాళాల గుత్తి సర్దుకుని, నా ఆకులో ఇంకో పోలె వేసింది. నెయ్యి కూడా పోసింది. ఆ పోలె నాకు ఇంకా అరగలేదు.

పిట్టకు పెట్టే రోజున నేను పొద్దున బండికే బయలుదేరాను. మా వైపు ఆచారం తెలిసిందే. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిందని అర్థం. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు ఎవరూ ముద్ద ముట్టరు. ఇదంతా గుర్తుండే నేను వికారాబాద్ స్టేషన్‌లో వేయించిన పల్లీల పొట్లం ఒకటి కొని జేబులో వేసుకున్నాను.

శ్మశానం దగ్గర ఆకు పెట్టారు. కాకి రాలేదు. ఎండ ఎక్కాక ఇంటి డాబా మీద పెట్టారు. ఒక పావురం వచ్చి, ఆకు చుట్టూ తనిఖీ అధికారిలా నడిచి, వెళ్లిపోయింది. చిన్నసేటుకు షుగరు. మధ్యాహ్నానికి ఆయన గోడకు ఆనుకున్నాడు. పెద్దమ్మకు ఏం తక్కువైందని ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తెచ్చి ఆకులో పెడుతున్నారు. పోలె, మామిడికాయ తొక్కు, సాసరులో చాయ్, చివరికి ఎవరో బీపీ గోళీ కూడా పెట్టారు. నేను ఒక మూల నిలబడి, కళ్లు తుడుచుకుంటున్నట్టు చెయ్యి ముఖం దాకా తీసుకెళ్లి, ఒక్కో పల్లీ నోట్లో వేసుకుంటున్నాను.

"పాపం సారు, పొద్దటిసంది ఏడుస్తనే ఉన్నడు," అంది ఒక ముసలమ్మ.

"గనికాడ పెడ్దాం సేటూ," అన్నాడు మేస్త్రీ చివరికి. "ఆమె పానమంత ఆడనే."

అందరం గనికి వెళ్లాం. పడమటి గోడ ముందు తాటిపత్రి పట్టా కప్పిన మిషన్ ఉంది. దాని చక్రాలు సున్నపు గీత మీదే ఉన్నాయి. వేపమండలు ఎండి రాలిపోతున్నాయి. పైన అరుగు మీద తెల్లటి తలలు రెండు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆకులో పెరుగన్నం కూడా వడ్డించి, దాన్ని ఆమె రోజూ పళ్లెం పెట్టే చదునుబండ మీదే పెట్టి, మేమంతా దూరంగా రాళ్ల కుప్ప వెనక నిలబడ్డాం.

మొక్కులు మొదలయ్యాయి. "వదినే, నీ తాళాలు నా పెండ్లానికే ఇస్త," అన్నాడు చిన్నసేటు. ఏమీ రాలేదు. "గుడికి గంట చేయిస్త." ఏమీ రాలేదు. "నీ ఫొటో పెద్దది కట్టిస్త, దుకాణంల పెడ్త." పొద్దు గోడ మీదికి వాలింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. అందరికీ ఆయన అనవలసిన మాట ఏదో తెలుసు. ఆయనకూ తెలుసు. కర్మ చేయిస్తున్న పంతులు కడుపు ఒకసారి గట్టిగా మూలిగింది.

"సరే వదినే!" అని అరిచాడు చిన్నసేటు. "ఈ గోడ జోలికి రాను. నీ అత్త ఉన్నన్ని దినాలు మిషన్ ఈ దిక్కు తిరగది. ఇగనన్న పిట్టను పంపు. నాకు కండ్లు తిర్గుతున్నయి."

కాకి రాలేదు. కాసేపు చూసి చిన్నసేటు నెమ్మదిగా తల ఎత్తాడు. ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. "చూసిన్రా? గోడ ముచ్చట గాదు. ఆమెకు గోడ ఫికరే లేదు. మనమే పరేషాన్ అవుతున్నం. మిషన్..."

నా పక్కన మేస్త్రీ గొణిగాడు, "గందుల పల్లీలు లేవు సార్. వట్టి పెరుగన్నానికి ఏం రావు."

"పల్లీలేమిటి?"

"పెద్దమ్మ పెరుగన్నంల పల్లీలు కలిపేది గద. ఎల్కలు ఉరికొస్తయని."

"ఆమెకు తెలుసా?"

"మొదటిసందే ఎర్కనే సార్. 'నేను పెట్టేది అన్నం, ఎల్క తింటది. ఎల్కను ఎవ్వలు తింటరో నేను చూసిన్నా?' అనేది. మీకు చెప్పొద్దన్నది. 'నేను నమ్ముతున్ననని సారు మస్తు ఖుషీగ ఉన్నడు, ఎందుకు పాడు చేసుడు' అన్నది."

ఇన్నేళ్లూ నేను ఆమెను బాధపెట్టకూడదని నోరు మూసుకుంటున్నానని అనుకున్నాను. ఆమె నా మీద జాలితో తన నోరు మూసుకుంది. నా జేబులో పొట్లం సగం మిగిలి ఉంది.

ఇక సిగ్గుపడే సమయం లేదు. చిన్నసేటు ఇంకో మాట అనేలోపు నేను కుప్ప వెనక నుంచి బయటికి నడిచాను. ఆకు దగ్గర వంగి, దండం పెట్టి, జేబులోంచి పొట్లం తీసి పల్లీలన్నీ పెరుగన్నం మీద చల్లాను.

"ఏం వేసినవ్ సారూ?"

"ఆమెకు ఇష్టమైనవి."

"నీ జేబులకు ఎట్లొచ్చినయ్?"

ఖాళీ పొట్లం నలిపి జేబులో కుక్కుకున్నాను. వెనక ముసలమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది: "అయ్యో, ఏడుస్తున్నడనుకున్న!"

మళ్లీ కుప్ప వెనక నిలబడ్డాను. మిగతావాళ్లు నాకు అటూ ఇటూ కొంచెం ఖాళీ వదిలి నిలబడ్డారు. వెలుతురు నాపరాయి రంగులోకి మారింది. రాళ్ల సందులోంచి ఒక ముక్కు బయటికి వచ్చింది, మీసాలు వచ్చాయి, తర్వాత ఎలుక మొత్తం వచ్చింది. ఆకు మీదికి ఎక్కి పల్లీ ఒకటి రెండు చేతులతో పట్టుకుంది.

చప్పుడు లేదు. అరుగు మీద నుంచి ఒక ముక్క ఊడి పడ్డట్టు అనిపించింది. రెక్కలు బండంతా కప్పేశాయి. ఆకు తలకిందులైంది, సాసరు దొర్లింది, బీపీ గోళీ ఎటో ఎగిరింది. మరుక్షణం అత్త అరుగు మీద ఉంది. కింద బండ మీద పెరుగుతో ఒక కాలిముద్ర పడి ఉంది. నా అరచేయంత.

"పిట్ట ముట్టింది!" అని అరిచాడు మేస్త్రీ.

పంతులు గొంతు సవరించుకున్నాడు. "కాకి కావాలె గద, శాస్త్రానికి..."

"రెక్కలున్నయా లేవా?" అన్నాడు చిన్నసేటు. "అన్నం ముట్టిందా లేదా? కాలు గూడ పెట్టింది. పంతులూ, జర ఆకులు ఎయ్యమను."

అని మళ్లీ పైకి చూశాడు. అత్త అంచుకు వచ్చి కూర్చుని, కళ్లు సగం మూసి, నేరుగా ఆయననే చూస్తోంది. ఆయన భుజం మీద తువ్వాలు తీశాడు. ఎవరూ చెప్పకుండానే చేతులు జోడించాడు.

"అమ్మా," అన్నాడు. అన్నాక చుట్టూ చూసి, దగ్గాడు. ఆ దగ్గు ఎవరినీ నమ్మించలేదు.

మిషన్‌ను అప్పటికప్పుడే, అన్నాలకు ముందే, పదిమంది కలిసి గీత అవతలికి తోశారు. ఆకలితో ఉన్న మనిషి ఇచ్చిన మాట తిన్నాక మారుతుందేమోనని మేస్త్రీ భయం.

గనిలోనే బండల మీద ఆకులు వేశారు. నా ఆకులో రెండు పోలెలు పడ్డాయి. చిన్నసేటు నా పక్కనే కూర్చుని, మొదటి ముద్ద మింగి, నా వైపు తిరిగాడు.

"సారూ, అది కొంచవోయింది ఎల్కనే గద? మా అమ్మ పెరుగన్నం ముట్టలే గద?"

పెద్దమ్మ చేసిన పనీ, నేను చేసినవీ ఆయనకు చెప్పాలనుకున్నాను. పల్లీలు, ఉండలు, వికారాబాద్ సమావేశం, నీటికుక్క, అన్నీ. నోరు తెరిచాను. ఆయన నా ఆకు వైపు చెయ్యి చూపించాడు.

"ముందుగల్ల తిను సారూ. తర్వాత చెప్పు."

తిన్నాను. ఇక్కడ రాసిందంతా ఆ తర్వాత చెప్పవలసినది.